ఖాళీగా వదిలెయ్యండి

పన్నెండు పేజీల పత్రంలో ఆమెకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం నాలుగో పేజీలో ఉంది. “కొత్తగా చెప్పాల్సింది లేని గడిని ఖాళీగా వదిలెయ్యండి.” మొదట అక్కడ ఏడు లైన్ల పేరా ఉండేది. మూడు రోజులు దాంతో కుస్తీ పట్టి, కోసి, చెక్కి, చివరికి ఒక్క లైనుకు తెచ్చింది. తెచ్చాక కుర్చీలో వెనక్కి వాలి ఆ లైను వంక చూసుకుని మురిసిపోయింది కూడా. తన వాక్యం చూసి తానే మురిసిపోయే మనిషికి ఆఫీసులో ‘కామాగారు’ అని పేరు పడిందంటే వింతేముంది? ఎవరి మెయిల్లోనైనా ఒక కామా తప్పిపోతే ఆవిడకు ముద్ద దిగదని వాళ్ళ వేళాకోళం.

కంపెనీ ఇళ్ళకు ఆక్సిజన్ మిషన్లు అద్దెకిస్తుంది. మిషన్ మొరాయించగానే దాని పేరు మీద ఒక టికెట్ పుడుతుంది. టికెట్‌లో తొమ్మిది గడులు. ఎవరి మిషన్, ఫోన్ నంబరు, ఏ మెకానిక్, పని ఎంతవరకూ వచ్చింది, ఇలా. ఆఖరి గడి పేరు గమనిక. టికెట్లు వస్తుంటాయి, పోతుంటాయి, గమనిక మాత్రం మిషన్‌తోనే ఉండిపోతుంది. కొత్త టికెట్ పుట్టినప్పుడల్లా పాత గమనిక వచ్చి అందులో కూర్చుంటుంది. కుక్క మొరుగుతుందే గాని కరవదు, బెల్లు పనిచెయ్యదు తలుపు తట్టండి, పెద్దావిడకు కుడి చెవి వినపడదు. మెకానిక్‌లు ఇలాంటివి రాసుకునే చోటది.

ఇన్నాళ్ళూ ఫోన్లు చేసి గడులు దిద్దడానికి పదిహేనుమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఏజెంట్లది. పేరుకు ఏజెంట్లే గాని మనుషులు కారు, కంప్యూటర్లో ఉండే తెలివి. అవే ఫోన్ చేస్తాయి, అవే మాట్లాడతాయి, టికెట్ దిద్దే టూల్‌ని అవే నడుపుతాయి. ఆ టూల్‌ని ఎలా వాడాలో వాటికి అర్థమయ్యేట్టు రాయడం ఆమె పని. మామూలు మాటల్లో రాస్తే చాలు, వాటికి తెలుస్తుందన్నారు. మామూలు మాటలంటే ఆమెకు కొట్టినపిండి. పత్రం బుధవారం వాడుకలోకి వచ్చింది. శుక్రవారం మేనేజరు అందరి ముందూ నాలుగో పేజీ తీసి చూపించి, “రాస్తే ఇలా రాయాలి” అన్నాడు.

సోమవారం పదకొండింటికి బాబాయి ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బాబాయి అంటే సొంత బాబాయే, నాన్న తమ్ముడు. అదే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్. ఆఫీసులో చుట్టరికం కలపడు. ఏదన్నా పనుంటే గుమ్మంలోంచే “కామాగారూ” అని పిలిచి కన్ను గీటుతాడు. ఆ రోజు పిలవలేదు. పనిముట్ల సంచీ భుజం మీంచి దించలేదు.

“ఏంటి బాబాయ్, అలా ఉన్నావ్?”

“కండక్టరు గారు పోయాడమ్మా. గురువారం.”

కండక్టరు గారు ఆమెకు చూడకుండానే తెలిసిన మనిషి. బాబాయి నోట ఆయన మాట రాని వారముండదు. బస్సులో ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టి, గొంతు ఆపరేషన్‌లో మాట పోగొట్టుకుని, ఆ తర్వాత ఊపిరితిత్తులు చెడి రెండేళ్ళుగా మిషన్ మీద ఉన్నాడు. చూపు కూడా బాగా మందం, మెసేజీలు చదవలేడు. మంచం పక్కన పాతకాలపు తీగ ఫోను ఒకటుంది. మీ పేరు మీద టికెట్ తీశామని మొదటిరోజు బాబాయి చెబితే చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వాడట.

“మిషన్ దానంతటదే హెచ్చరిక పంపింది,” అన్నాడు బాబాయి. “ఏజెంటు మూడుసార్లు ఫోన్ చేసి, స్పందన లేదని రాసి టికెట్ మూసేసింది. ఆయన భార్య కుట్టుషాపు నుంచి సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఏముంది, అంతా అయిపోయింది. ఇంట్లో సిలిండరుంది. తిప్పేవాళ్ళే లేరు.”

“ఆయనకు మాట రాదని గమనికలో చూస్తే ఏజెంటు నీకు చెయ్యాలి కదా?”

“చూడ్డానికేముంది? గమనిక ఖాళీ.” బాబాయి బల్ల అంచు పట్టుకున్నాడు. “నేను రాయలేదమ్మా. రాశాననే నా తలకాయలో ఉంది. ఆయన మంచం మీదే కూర్చుని కొట్టాను. ‘మాట రాదు. ఫోన్ ఎత్తి గోటితో కొడతారు. రెండు కొడితే అవును, ఒకటైతే కాదు. అర్థం కాకపోతే నాకు చెయ్యండి, ఎక్కడున్నా వస్తాను.’ అక్షరం అక్షరం గుర్తుంది. బస్సులో బెల్లు లెక్క అది, రెండు కొడితే పోనీ, ఒకటి కొడితే ఆపు. ఇంత గుర్తున్నవాణ్ణి రాయడం ఎలా మర్చిపోయానే?”

“నువ్వు మర్చిపోవడమేంటి?”

“అదే నేనూ అనుకున్నా. గడి ఖాళీగా కనబడుతుంటే ఇంకేమనుకోను?” జేబులోంచి మడతపెట్టిన కాయితం తీశాడు. “సంజాయిషీ రాయమన్నారు. తప్పుల్లేకుండా దిద్దిపెట్టు.”

కాయితం మీద ఆయన గుండ్రటి చేతిరాత. నేను గమనిక రాయడం మర్చిపోయాను, ఇందువల్ల ఒక మనిషి ప్రాణం పోయింది, దీనికి పూర్తి బాధ్యత నాదే. ఇంకా రెండు లైన్లున్నాయి. ఆమె పెన్సిలు తీసుకుంది. బాధ్యతకు ఒత్తు సరిచేసింది. ఒక చోట కామా పెట్టింది. ఇంకేం చెయ్యాలో తోచక కాయితం తిరిగిచ్చింది.

“మంచిదమ్మా,” అని బాబాయి మేనేజరు గది వైపు వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళాక ఆమెకు పని మీద మనసు నిలవలేదు. అంత అక్షరం అక్షరం చెప్పిన మనిషి ఎక్కడో రాసే ఉంటాడు, బహుశా వేరే మిషన్ టికెట్‌లో పొరపాటున కొట్టి ఉంటాడు అనుకుంది. మెకానిక్‌ల ఫోన్లలో టికెట్ ఇవాళ ఎలా ఉందో అదే కనపడుతుంది. పత్రం రాసే మనిషి కాబట్టి ఆమెకు మార్పుల జాబితా కూడా తెరుచుకుంటుంది. కండక్టరు గారి మిషన్ నంబరు కొట్టి, జాబితా కిందికి లాగింది.

బాబాయి ఎక్కడా తప్పు రాయలేదు. రెండేళ్ళ కిందట, అదే గడిలో, అదే మాటల్లో రాశాడు. ఎక్కడున్నా వస్తాను అన్నదాంతో సహా ఉంది. దాని మీద ఇంకో లైను, మొన్న బుధవారంది. గమనిక, పాతది ఇది, కొత్తది ఖాళీ. మార్చింది ఏజెంటు. ఆ రోజు ఏజెంటు చేసిన పనల్లా మిషన్ ఫిల్టరు మార్చే తేదీ జరపడం.

ఇదేం పని, తేదీ జరపడానికి గమనిక ఎందుకు చెరపాలి అని ఆమెకు కోపం వచ్చింది. ఏజెంటు పనికి ముందు తనలో తాను రాసుకున్న లైన్లు పక్కన కనపడుతున్నాయి. “గమనికలో కొత్తగా చెప్పాల్సింది లేదు. నియమం ప్రకారం ఖాళీగా వదలాలి. గమనిక: ఖాళీ.”

ఆమె ఆ లైను మళ్ళీ చదివింది.

టూల్ పద్ధతి ఆమెకు తెలియనిది కాదు. గడి పేరు పంపకపోతే లోపల ఉన్నది అలాగే ఉంటుంది. గడి పేరు పంపి ఎదురుగా ఏమీ పెట్టకపోతే లోపల ఉన్నది చెరిగిపోతుంది. ఆ ఏడు లైన్ల పేరాలో ఈ సంగతే ఉండేది. వదిలెయ్యడమంటే మనుషులకు దాని జోలికి పోకపోవడం. నిండుగా ఉన్న గడి కనిపించినప్పుడు ఖాళీగా వదిలెయ్యమంటే ఏ మనిషైనా చెరుపుతాడా, పక్కకు జరుగుతాడు. ఏజెంటు మాత్రం చెప్పినట్టు చేసింది. ఖాళీ చేసి వదిలేసింది. తప్పు దానిది కూడా కాదు. ఆమె రాసిన మాటకు ఆ అర్థం కూడా ఉంది.

మొత్తం ఎన్ని గమనికలు పోయాయో వెతికింది. నాలుగు వేల నూట పన్నెండు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గురువారం టికెట్‌లోని ఫోన్ రికార్డులు తెరిచింది. మూడున్నాయి. పది ఇరవైకి, పన్నెండు ఇరవైకి, రెండు ఇరవైకి. మొదటిది నొక్కింది. రెండో మోతకే ఎవరో ఫోన్ ఎత్తారు. మిషన్ గరగరలాడుతున్న చప్పుడు వెనకాల వినపడుతోంది.

“నమస్కారమండీ. మీ మిషన్ నుంచి హెచ్చరిక వచ్చింది. మిషన్ సరిగ్గా పనిచేస్తోందా?” ఏజెంటు గొంతు ఎంతో మర్యాదగా ఉంది.

టక్. ఒక్కటే.

“మీ మాట వినపడటం లేదండీ.”

ఆమె మూడు రికార్డులూ చివరిదాకా వింది. మూడోదాంట్లో ఫోన్ పెట్టేసిన చప్పుడు లేదు. రికార్డుల కింద, మెకానిక్‌లకు కనపడని చోట, ఏజెంటు పొందిగ్గా రాసింది: ఫోన్ ఎత్తారు, ఏదో శబ్దం, మాట లేదు, మూడు ప్రయత్నాలు, స్పందన లేదు, ముగించడమైనది. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి ఆమె బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది.

మంగళవారం పొద్దున మేనేజరు గదిలోకి వెళ్ళింది. మార్పుల జాబితా ప్రింటు తీసి పట్టుకెళ్ళింది. అతను చెడ్డవాడేం కాదు. చదువుతున్నంతసేపూ ముఖం పాలిపోతూనే ఉంది. చదివి, కాయితం బోర్లా పెట్టాడు.

“ఇంకెవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు సార్.”

“పాత గమనికలన్నీ సాయంత్రానికల్లా వెనక్కి తెప్పిస్తాను. ఏజెంట్లను అప్పటిదాకా ఆపుతాను. మీరా వాక్యం మార్చండి.”

“మరి బాబాయి సంజాయిషీ?”

అతను కళ్ళజోడు తీసి తుడిచాడు. “చూడండి, నాలుగు వేల ఇళ్ళంటే అందరికీ చెప్పుకోవాలి. లైసెన్సు దాకా పోతుంది. ఒక పెద్దాయన ఒక గమనిక మర్చిపోయాడంటే అది అక్కడికి సరి. ఆయనే ఒప్పుకున్నాడు కదా. ఉద్యోగం తియ్యం. ఇళ్ళకు పంపకుండా స్టోర్లో కూర్చోబెడతాం. ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు.” కాస్త ఆగాడు. “మీ పేరు ఎక్కడా రాదు.”

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఆఖరి మాటకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. సీటు దగ్గరికొచ్చి కూర్చుని, ఇవాళ కాదు, రేపు బాబాయితో నెమ్మదిగా చెబుదాం అనుకుంది. కాఫీ తెచ్చుకుని సగం తాగింది. ఆ రోజంతా ఎవరు నవ్వినా తన గురించే అనిపించింది, అయినా నోరు విప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది.

“ఏమే, మీ బాబాయికి ఏమైందే? పొద్దున్నుంచీ నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. మిషన్ల నంబర్లన్నీ రాసి, అట్టతో మూసి, మళ్ళీ అప్పజెబుతున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టి చూడమంటాడు. ఒక్కటీ తప్పు పోలేదే. పోకపోతే మళ్ళీ అదో బెంగ. ఇవి గుర్తుండి అదెలా మర్చిపోయానంటాడు. డాక్టరుకు చూపించమంటావా?”

“వద్దు పిన్నీ. నేను వస్తాను.”

“ఇప్పుడు లేడు. ఆ కండక్టరు గారింటికి వెళ్ళాడు. ఆవిడకు చెప్పుకోకపోతే నిద్ర పట్టదట.”

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. లేచి వెళ్ళి ఆపొచ్చు. బస్సు ఎక్కితే అరగంట. కానీ బాబాయి ఈపాటికి చేరి ఉంటాడు, చెప్పేసి ఉంటాడు. చేరాడో లేదో తెలీకుండానే అలా అనుకుని కూర్చుండిపోయింది. ఆ అరగంట సంగతి తర్వాత ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

సాయంత్రం పిన్నే మళ్ళీ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. బాబాయి ఆవిడ కాళ్ళ మీద పడ్డాడట. ఆవిడ వెనక్కి జరిగిందట. “లోకంలో అందరూ ఆయన్ని మూగోడనే చూశారు, మీరొక్కరే మనిషిలా మాట్లాడారనుకున్నాను. మీరు కూడా మర్చిపోయారా?” అని తలుపేసుకుందట. బాబాయి ఇంటికొచ్చి యూనిఫారం చొక్కా విప్పి, ఇక ఇది ఉతకొద్దన్నాడట.

గురువారం ఆమె అందరికన్నా ముందు ఆఫీసుకొచ్చింది. నాలుగో పేజీ తెరిచింది. ఆ వాక్యం మెరుస్తూ అక్కడే ఉంది. దాన్ని కొట్టేసి నెమ్మదిగా రాయడం మొదలుపెట్టింది. “ఏ గడి మారాలో ఆ గడిని మాత్రమే పంపండి. మిగతా గడుల పేర్లే ఎత్తకండి. గడి పేరు పంపి ఎదురుగా ఏమీ పెట్టకపోతే లోపల ఉన్నది చెరిగిపోతుంది. గమనికను మనిషి చెబితే తప్ప చెరపకండి.” ఇంకో పేరా కూడా చేర్చింది. “ఫోన్ ఎత్తారంటే స్పందించినట్టే. మాట వినపడకపోయినా స్పందన లేదని రాయకండి. టికెట్ మూయకుండా వెంటనే మెకానిక్‌కు చెప్పండి.” అందం లేదు, నడక లేదు, ‘గడి’ అన్న మాట ఊరికే తగులుతోంది. ఒక్క అక్షరం కూడా తగ్గించలేదు.

పేజీ చివర ‘మార్పుకు కారణం’ అని ఒక చోటుంటుంది. ఎప్పుడూ భాష సవరణ అని రాసి ఊరుకునేది. ఈసారి జరిగిందంతా రాసింది. పాత వాక్యం నాది, దానివల్ల నాలుగు వేల నూట పన్నెండు గమనికలు చెరిగాయి, వాటిలో ఒకటి ఫలానా మిషన్‌ది, ఆ మిషన్ మనిషి చనిపోయాడు, మెకానిక్ రెండేళ్ళ కిందటే గమనిక రాశాడు, ఆయన సంజాయిషీలో ఉన్నది నిజం కాదు. కింద తన పేరు పెట్టింది. బటన్ నొక్కితే అది నలభైమందికి దానంతటదే వెళుతుంది. నొక్కింది. పది నిమిషాల్లో మేనేజరు నంబరు నుంచి ఫోన్ మోగడం మొదలైంది. ఎత్తకుండా సంచీ తీసుకుని బయటికి నడిచింది.

బాబాయి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నోటుపుస్తకం. పిన్ని పక్కన ముక్కాలిపీట వేసుకుని నంబర్లు సరిచూస్తోంది.

“నీకు మతి పోలేదు బాబాయ్,” అని ఆమె ప్రింటు ఆయన చేతికిచ్చింది. “నువ్వు రాశావు.”

ఆయన కాయితం దూరంగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. తన మాటలు తానే రెండుసార్లు చదువుకున్నాడు. నాలుగు రోజులుగా బిగుసుకుపోయిన ముఖం మెల్లగా సడలింది.

“రాశానే!” అన్నాడు భార్య వైపు తిరిగి. “చూశావా, రాశాను. ఎక్కడున్నా వస్తానని కూడా ఉంది. నేను చెప్పలా?” ఆయన కళ్ళు నిండిపోయాయి. “అక్షరం అక్షరం అదే.”

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. ఆ సంతోషాన్ని చూడటానికి తనకు ముఖం లేదు. నిలబడే మిగతాది చెప్పింది. వాక్యం గురించి, వదిలెయ్యడానికి ఉన్న రెండు అర్థాల గురించి. ఏజెంట్లను అననివ్వలేదు, టూల్‌ని అననివ్వలేదు. బాబాయి అడ్డు రాకుండా విన్నాడు.

“పోనీలే,” అన్నాడు చివరికి. “కావాలని రాశావా ఏంటి. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా ఒక్కోసారి నట్టు వంకర పడుతుంది.” కాయితం మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాడు. “ఇది నీకెప్పుడు తెలిసిందమ్మా?”

“సోమవారం.”

“నా కాయితం దిద్దినప్పుడా?”

“అప్పుడు తెలీదు బాబాయ్. నిజంగా తెలీదు. ఆ తర్వాత గంటకి.”

“గంటకి.” ఆయన తల ఊపాడు. కోపంగా ఏమీ అనలేదు. ఆమె చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన మనిషి, ఎదుట ఎవరో కొత్తవాళ్ళు నిలబడినట్టు చూశాడు. “మరి నిన్న నేను ఆవిడ గుమ్మంలో ఉన్నప్పుడు నీకు తెలుసన్నమాట.”

“తెలుసు.”

“తప్పు రాస్తే రాశావు. ఊరుకున్నావేమే?”

ఆమె ఏడ్చింది. పిన్ని లేచి దగ్గరికి రాబోతే బాబాయి చేత్తో వద్దన్నాడు. “రేపు ఆవిడ షాపుకు వెళ్ళకముందే పోదాం. నువ్వే చెప్పాలి,” అన్నాడు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ మూడో అంతస్తు తలుపు ముందు నిలబడ్డారు. ఆవిడ తలుపు తీసి, ఆయన్ని చూసి, తలుపు మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడింది. సన్నటి మనిషి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

“మళ్ళీ ఎందుకొచ్చారు?”

“ఈ అమ్మాయి మా అన్నయ్య కూతురు. మీకో మాట చెప్పాలి. అయిదు నిమిషాలు, అంతే.”

ఆవిడ పక్కకు జరిగింది. ఒకటే గది. మంచం మడిచి గోడకు ఆనించారు. మిషన్ ఉన్న చోట నేల మీద చదరంగా మచ్చ మిగిలింది. కిటికీ పక్కన కుట్టుమిషన్, దాని మీద సగం కుట్టిన చొక్కా. ఆమె కూర్చోలేదు. నిన్న రాసిందే ఇంకా మామూలు మాటల్లో చెప్పింది. మీ ఇంటి గురించి ఆయన రాసి పెట్టిందంతా నా వల్ల చెరిగిపోయిందండీ, ఆయన ఏమీ మర్చిపోలేదు, మర్చిపోయాననుకుని మీ దగ్గరికొచ్చారు. బాబాయి జేబులోంచి కాయితం తీసి ఇచ్చాడు. ఆవిడ చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది.

“ఎక్కడున్నా వస్తాను,” అని పైకి చదివింది.

“అవునమ్మా.”

“అన్నయ్యగారూ,” అంది ఆవిడ. “మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను. తలుపు వేశాను మీ ముఖం మీద.” ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసి ఆయనకు వేసింది. ఆయన కూర్చున్నాక ఆవిడా నేల మీద కూర్చుని ఏడ్చింది. బాబాయి కుర్చీ దిగి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తనను తిడుతుందని, తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. ఆవిడ తిట్టలేదు.

కాసేపటికి టేపు చివరతో కళ్ళు ఒత్తుకుని ఆమె వైపు తిరిగింది.

“మీకన్నీ కనపడతాయి కదమ్మా కంప్యూటర్లో. ఒక్క సంగతి చెప్పు. మూడుసార్లు ఫోన్ చేశామన్నారు మీ ఆఫీసువాళ్ళు. ఆయన ఎత్తారా?”

ఆమె బాబాయి వైపు చూడలేదు.

“నిద్రలోనే పోయారన్నాడు డాక్టరు,” అంది ఆవిడ. “పొద్దున నేను వెళ్ళేటప్పుడు కళ్ళు మూసుకునే ఉన్నారు. లేపలేదు. లేపకుండా వెళ్ళానే అని ముందు కొట్టుకున్నాను, నిద్రలోనే పోయారంటే కాస్త కుదుటపడ్డాను. ఎత్తితే మెలకువగా ఉన్నట్టు కదా. మెలకువగా ఉండి, నేను లేక...” టేపు చివర వేలికి చుట్టుకుంది. “ఎత్తారా?”

నిన్నంతా ఆమె ఒకటే అనుకుంది, ఇక జన్మలో ఒక్క మాట కూడా తప్పు రానివ్వనని. ఆవిడ చేతిలో కాయితం ఇంకా అలాగే ఉంది. వేళ్ళకు సూదిపోట్ల మచ్చలున్నాయి.

“లేదండీ,” అంది. “ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.”

“మూడుసార్లూనా?”

“మూడుసార్లూ. స్పందన లేదనే ఉంది.”

ఆవిడ కళ్ళు మూసుకుని గాలి వదిలింది. “పోన్లే. తెలీకుండా పోయారు,” అంది. లేచి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. బాబాయి గ్లాసు పుచ్చుకున్నాడు గాని తాగలేదు. ఫోన్ మోగితే కండక్టరు గారు రెండో మోతకు ఎత్తుతాడని ఆయనకు తెలుసు. ఆమె ముఖంలోకి చూశాడు. గుమ్మం దాకా వచ్చి ఆవిడ, “అప్పుడప్పుడూ వస్తుండండి అన్నయ్యగారూ,” అంది.

రెండో అంతస్తు మలుపు దాకా దిగాక బాబాయి రెయిలింగు పట్టుకుని ఆగాడు.

“ఎత్తాడు కదూ?”

ఆమె తల ఊపింది.

“ఎన్నిసార్లు?”

“మూడుసార్లూ.”

“ఏం చెప్పాడు?”

పొద్దున్నుంచీ ఆయన ఆమెతో మాట్లాడిన మాటలు ఇవే. అబద్ధం ఇంకోటి చెప్పడానికి ఆమెకు శక్తి లేదు.

“మనిషిని పంపమంటారా అని అడిగితే, రమ్మన్నాడు బాబాయ్.”

బాబాయి ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. పైన ఆవిడ తలుపు ఇంకా తెరిచే ఉంది. అక్కడిదాకా వినపడకుండా నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.